బట్టలుతికే గది: ఒక చారిత్రక పరిశీలన

మేముండే కాలనీలోనే మా అమ్మాయి ఇల్లు కట్టుకుంటున్నది. ఇంజనీరు గీసిన ప్లాను తెచ్చి నా ముందు పరిచింది. వంటింటి వెనక 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉన్న ఒక గడి చూపించి, "నాన్నా, ఇందులో వాషింగ్ మెషిను, ఒక తొట్టి, బట్టలు మడత పెట్టుకునే బల్ల పట్టాలి. ఎట్లా సర్దాలో నువ్వు చెప్పు" అన్నది. ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి ఈ ప్రశ్న అడగటంలో కొంత ఎకసెక్కెం లేకపోలేదు. నా బట్టలు నేను ఉతుక్కున్న సందర్భాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునన్న సంగతి మా యింట్లో అందరికీ తెలుసు.

ఇంజనీరు ఆ గడిలో "యుటిలిటీ" అని రాశాడు. బట్టలు విడిచేది పడకగదుల్లో, స్నానాలగదుల్లో. అవి మళ్ళీ మడతలై చేరేది పడకగదుల్లోని బీరువాల్లోకే. మరి ఉతికే చోటు ఇంటికి ఈ చివర, వంటింటి వెనక ఎందుకున్నది? ఇదే ఇంజనీరును అడిగాను. "అందరూ అక్కడే పెట్టించుకుంటారండీ. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా వాళ్ళు బట్టలు కూడా వేసుకోవచ్చు" అన్నాడాయన. ఆ "వాళ్ళు" ఎవరో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పనక్కరలేకుండా ఇద్దరికీ అర్థమైంది. ఈ వ్యాసం ఆ "వాళ్ళు" అన్న మాట గురించి.

నేను పుట్టిన ఇంట్లో బట్టలుతికే గది లేదు. అది చిన్న ఇల్లేమీ కాదు. వడ్లకు గది, పశువులకు కొట్టం, దేవుడికి గది, పురుళ్ళకు వేరే చీకటిగది, అన్నీ ఉండేవి. బాయిగట్టున ఒక బండ ఉండేది గాని దాని మీద చిన్న గుడ్డలు మాత్రమే జాడించేవారు. అంత ఇల్లు కట్టినవాళ్ళు బట్టలుతికే చోటును మరచిపోయారా? మరచిపోలేదు. ఆ గది ఊరి బయట, చెరువు కింద ఉండేది. దాన్ని చాకిరేవు అనేవారు. ఇంట్లో ఆ గది అక్కరలేకుండా చేసినది కులవ్యవస్థ. ఒక ఇంటి ప్లానులో ఏ గదులున్నాయో చూసి ఆ ఇంటివాళ్ళ ఆస్తిని అంచనా కట్టవచ్చు. ఏ గదులు లేవో చూస్తే వాళ్ళకు ఎవరు చాకిరీ చేసేవారో తెలుస్తుంది.

ఆ రేవులో జరిగే పని సామాన్యమైనది కాదు. మాసిన బట్టలను చౌడు కలిపిన నీళ్ళలో నానబెట్టి, పెద్ద బాన మీద పేర్చి, కింద మంట పెట్టి రాత్రంతా ఆవిరి పట్టించేవారు. తెల్లవారుజామున మోకాలిలోతు నీళ్ళలో నిలబడి బండకు వేసి బాదటం, జాడించటం, ఆరవేయటం. పంచెలకు గంజి, నీలిమందు. ఎవరి బట్ట ఎవరిదో తెలియటానికి నల్లజీడి రసంతో అంచున చుక్కలో గీతలో పెట్టేవారు. ఎన్ని ఉతుకులకైనా ఆ గుర్తు పోదు. అక్షరం రాని మనిషి ఊరిలో సగం ఇళ్ళ బట్టలకు తప్పులేకుండా లెక్క చెప్పేది. రసాయనశాస్త్రం, గణాంకం, శరీరశ్రమ కలిసిన ఈ విద్యను విద్య అని ఎవరూ అనలేదు.

దీనికి కూలి పంట కళ్ళంలో కొలిచే మేర, సాయంత్రం ఇంటింటా పెట్టే ఇంత అన్నం. పురిటి మైల, చావు మైల, బహిష్టు మైల, అన్ని మైలలూ ఆ మూటలోనే వెళ్ళేవి. వాటిని ముట్టుకున్నందుకు ఆ మనుషులను తక్కువ చేసేవారు. ముట్టుకోకపోతే దండించేవారు. మా యింటికి వచ్చే అవ్వకు అప్పటికి అరవై యేళ్ళుండవచ్చు. ఏడేళ్ళవాణ్ణి నేను ఆమెను పేరు పెట్టి "ఏమే" అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను "చిన్న దొరా" అనేది. 1957లో మాట ఇది. వెట్టి అనే పేరు అప్పటికి పోయింది, పిలుపు పోలేదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. మాల, మాదిగ వాడల బట్టలకు ఆ బానలో చోటుండేది కాదు. కింద పడినవాళ్ళలో కూడా మెట్లు కట్టగల నేర్పు మన వ్యవస్థకు ఉన్నది.

నిజాం కాలపు తెలంగాణాలో ఇది మరీ వికృతంగా ఉండేది. దేశ్‌ముఖు గడికి బట్టలుతకటంతో పని తీరదు. పండుగలకూ ప్రయాణాలకూ మోయాలి, కాగడా పట్టాలి, పిలిచినప్పుడల్లా పోవాలి, అంతా ఉచితంగా. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు భూమి తీసుకొని వ్యవసాయం మొదలుపెట్టినప్పుడు విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డికి వచ్చిన కోపాన్ని ఈ దృష్టితో చూడాలి. 1940లలో ఆమె పంటను ఎత్తుకుపోవటానికి మనుషులను పంపితే, సంఘం వలంటీర్లు అండగా నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. దీన్ని మనం భూమి కోసం జరిగిన పోరాటంగా చెప్పుకుంటాం; అది నిజమే. కాని రేవులో ఉండవలసిన మనిషి పొలంలో నిలబడటమే దొరకు తొలి నేరంగా కనపడి ఉంటుందని నా అభిప్రాయం. ఐలమ్మ 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. ఆ విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు తమ ఇళ్ళలో బట్టలుతికే చోటు ఎక్కడున్నదో ఒకసారి చూసుకుంటే ఇంకా సంతోషం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. కులాన్ని తీసివేసి, ఆ పనిని ఇంటి బయటే ఉంచి, న్యాయమైన కూలి ఇస్తే సరిపోదా? అమెరికాలోని అట్లాంటా నగరంలో ఈ ప్రశ్నను 1881లో చాకలి స్త్రీలే లేవదీశారు. బానిసత్వం రద్దయి అప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు. నల్లజాతి స్త్రీలు తెల్లవాళ్ళ ఇళ్ళ బట్టలను తమ ఇళ్ళకు తెచ్చుకొని ఉతికేవారు. ఆ జూలైలో ఇరవై మంది కలిసి సంఘం పెట్టుకున్నారు. మూడు వారాలలో సుమారు 3,000 మంది అయ్యారు. డజను పౌనుల బట్టలకు ఒక డాలరు కావాలన్నారు. సమ్మె చేశారు. అరెస్టులు, జరిమానాలు వచ్చాయి. నగరసభ ఒక్కొక్కరి మీద 25 డాలర్ల లైసెన్సు రుసుము వేస్తామని బెదిరించింది. ఆ స్త్రీలు మేయరుకు రాసిన జవాబు ముచ్చటైనది: రుసుము కడతాం, కాని ఊరి ఉతుకుపని అంతా మా అదుపులో ఉండాలి అన్నారు. నగరసభ చివరకు ఆ ప్రతిపాదన వదులుకున్నది. శ్రామికోద్యమ చరిత్రలో గనుల సమ్మెకూ రైల్వే సమ్మెకూ ఇచ్చిన పేజీలు ఈ సమ్మెకు చాలాకాలం ఇవ్వలేదు. మన చరిత్రకారులం కూడా ఇళ్ళలోనే భోంచేసేవాళ్ళం కదా.

రెండో మార్గం ఉమ్మడి మార్గం. అట్లాంటా సమ్మెకు పన్నెండేళ్ళ ముందే, 1869లో, కేంబ్రిడ్జి అనే అమెరికన్ పట్టణంలో మెలుసినా ఫే పీర్స్ అనే ఆమె గృహిణులను కూడగట్టి సహకార సంఘం పెట్టి, ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, ఉమ్మడి లాండ్రీ నడిపింది. సభ్యుల భర్తలకు తమ భార్యలు వ్యాపారం లెక్కలు చూడటం నచ్చలేదు. 1871కి అది మూతపడింది. సోవియట్ విప్లవం ఈ ఆలోచనను ప్రభుత్వ కర్తవ్యంగా మార్చింది. క్లారా జెట్కిన్‌తో 1920లో మాట్లాడుతూ లెనిన్ ఉమ్మడి భోజనశాలలు, శిశుశాలలతో పాటు లాండ్రీలను కూడా ప్రత్యేకించి చెప్పాడు. మాస్కోలో 1930లో పూర్తయిన నార్కోంఫిన్ భవనానికి యాంత్రిక లాండ్రీని వేరే కట్టడంగా కట్టారు. ఆ యేడాది మే నెలలోనే జీవనవిధానాన్ని ఒక్కసారిగా మార్చాలనే అతివాదాన్ని పార్టీ కేంద్రకమిటీ తీర్మానం చేసి ఖండించింది. ఆ ఖండన వల్ల ఇంటిచాకిరీ ప్రశ్న కూడా వెనక్కు పోయింది. దీన్ని దాచి లాభం లేదు.

నేను ఎక్కువ సేపు ఆగదలచినది వియన్నా నగరం దగ్గర. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1919లో అక్కడి పురపాలనను సోషల్ డెమొక్రాట్లు గెలుచుకున్నారు. కార్మికులు బతికే ఇళ్ళ సంగతి చెప్పనలవి కాదు. నీళ్ళ నల్లా వరండాలో ఒకటే, అంతస్తు మొత్తానికి. ఉన్న ఒక్క గదిలో, వంట పొయ్యి మీదే బట్టలు ఉడకబెట్టుకొని అక్కడే ఆరేసుకున్నప్పుడు ఆ తేమ గోడలకు పట్టేది. క్షయరోగానికి "వియన్నా జబ్బు" అని పేరు రావటంలో ఆశ్చర్యమేమున్నది? 1923లో కొత్త పురపాలన ఇళ్ళ మీద పన్ను వేసింది. గొప్పవాళ్ళ భవనాలకు ఎక్కువ, కార్మికుల గదులకు నామమాత్రం. ఆ డబ్బుతో 1934 దాకా 60,000కు పైగా ఇళ్ళు కట్టింది.

వీటిలో పేరు పొందినది కార్ల్ మార్క్స్ హోఫ్. కార్ల్ ఏన్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేశాడు, 1930లో ప్రారంభించారు. కిలోమీటరుకు మించిన పొడవు, 1,382 ఇళ్ళు. ఒక్కొక్క ఇల్లు చిన్నదే. కాని ఆవరణలో శిశువిహారాలు, గ్రంథాలయం, దంతవైద్యశాల, స్నానశాలలు, వీటితో పాటు రెండు పెద్ద లాండ్రీలు. వేన్నీళ్ళు, ఆవిరి, యంత్రాలు, వేడిగాలితో బట్టలు ఆర్చే అరలు, ఇస్త్రీ ఏర్పాటు. ఇంట్లో రెండు రోజులు నడుము విరిగే పని అక్కడ ఒక్క పూటలో తెమిలేది. ఒక్కొక్క కుటుంబానికి నెలకొక ఉతుకురోజు. ఒక కార్మికుని భార్య ఏనాడూ కొనలేని యంత్రాన్ని 1,382 కుటుంబాలు కలిసి వాడుకున్నాయి. ఇంటి ప్లానులో బట్టలుతికే గది లేకపోవటం ఇక్కడ కూడా కనిపిస్తుంది. మా ఊరి ఇంట్లో లేనట్టే ఇక్కడా లేదు. రెండు లేమిలకూ కారణాలు ఎంత దూరమో చూడండి.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆ లాండ్రీలోకి మగవాళ్ళు రాకూడదు. యంత్రాలు చూసే పర్యవేక్షకుడు తప్ప. ఆవిరికి స్త్రీలు పైబట్టలు తీసి పనిచేస్తారు గనుక, వాళ్ళ మర్యాద కోసమని నియమం. నియమం సదుద్దేశంతో పెట్టినదే కావచ్చు. కాని దాని ఫలితమేమిటి? యంత్రం ఉమ్మడి అయింది, ఉతుకుపని స్త్రీలదిగానే ఉండిపోయింది. ఆ యంత్రం మీటలు మాత్రం మగవాడి చేతిలో ఉండిపోయాయి. కేటె లైఖ్టర్ అనే సోషలిస్టు పరిశోధకురాలు 1932లో 1,320 మంది ఫ్యాక్టరీ స్త్రీల జీవితాలను సర్వే చేసి పుస్తకం ప్రచురించింది. ఫ్యాక్టరీ గంట మోగాక ఇంటికి పోయి రెండో పని మొదలుపెట్టే మనుషులే ఆ పుస్తకం నిండా కనబడతారు. ఉమ్మడి లాండ్రీలు కట్టిన నగరంలోనే ఇది. లైఖ్టర్‌ను 1942లో నాజీలు చంపారు.

వియన్నా ప్రయోగం తన లోపాల వల్ల కూలలేదు. 1934 ఫిబ్రవరిలో ప్రభుత్వ సైన్యం కార్ల్ మార్క్స్ హోఫ్ మీద ఫిరంగులు పేల్చింది. పేదవాళ్ళు బట్టలుతుక్కునే ఇళ్ళ మీదికి ఫిరంగులు తేవలసి వచ్చిందంటే, ఆ ఇళ్ళు ఎవరికో భయం కలిగించాయన్నమాట. ఆ లాండ్రీలలో ఒకదానిలో 2010లో ఆ కాలపు చరిత్రకు ప్రదర్శనశాల తెరిచారు.

పెట్టుబడిదారీ వ్యవస్థ ఎంచుకున్నది మూడో మార్గం: ఇంటికొక యంత్రం. విద్యుత్తుతో నడిచే వాషింగ్ మెషిన్లు అమెరికా మార్కెట్టులోకి 1908 ప్రాంతాల్లో వచ్చాయి. 1920లలో అక్కడి వాణిజ్య లాండ్రీలు మంచి ఊపులో ఉన్నాయి. బండి వచ్చి మూట తీసుకుపోయి ఉతికి తెచ్చేది. అంటే ఆ పని ఇల్లు దాటి పోయింది. యంత్రం దాన్ని మళ్ళీ ఇంట్లోకి లాక్కొచ్చింది. రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ప్రచురించిన గ్రంథంలో ఈ వింతను చక్కగా విప్పి చూపింది. ఒక ఉతుకుకు పట్టే కష్టం తగ్గింది, ఉతుకుల సంఖ్య పెరిగింది. వారానికి మార్చే చొక్కా రోజూ మార్చటం మొదలైంది. ఇదివరకు చాకలామెకో లాండ్రీకో ఇచ్చిన పని గృహిణి ఒక్కదాని మీద పడింది. వెయ్యి ఇళ్ళకు రెండు లాండ్రీలు చాలునని వియన్నా చూపించింది. వెయ్యి ఇళ్ళకు వెయ్యి యంత్రాలు అమ్మవచ్చునని కంపెనీలు చూపించాయి.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. యంత్రం మన మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చేటప్పటికి పల్లెలో మేర పద్ధతి సడలిపోతున్నది. రజకుల పిల్లలు చదువుకొని రేవు వదిలారు. ఎవరూ చింతించవలసిన విషయం కాదిది. కొందరు సాహిత్యకారులు చాకిరేవు అందాన్ని తలుచుకొని నిట్టూరుస్తుంటారు. జనవరి తెల్లవారుజామున ఆ నీళ్ళలో ఒక గంట నిలబడి ఆ తర్వాత నిట్టూరిస్తే బాగుంటుంది. కాని రేవు పోగానే ఆ పని ఎటు పోయింది? మా యింట్లో మొదట నా భార్య చేతికి, మెషిను వచ్చాక సగం ఆమె చేతికి, సగం పనిమనిషి చేతికి. ఇస్త్రీ మాత్రం కాలనీ గేటు దగ్గర బండి మీద బొగ్గుల పెట్టెతో నిలబడే మనిషికి. తెలంగాణా ప్రభుత్వం 2021 నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇచ్చింది. మా గేటు దగ్గర బండికి కరెంటు తీగే లేదు. డెబ్భై యేళ్ళుగా నా బట్టల మురికి చేతులు మారుతూ వచ్చింది. ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు.

వియన్నా గురించి చదివిన ఉత్సాహంలో, మా కాలనీ సంఘం సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాను. నలభై ఇళ్ళున్నాయి, కమ్యూనిటీ హాలు వెనక ఖాళీ గది ఉన్నది, నాలుగు పెద్ద మెషిన్లు కొందాం, జీతానికి ఇద్దరిని పెడదాం, నీళ్ళూ కరెంటూ కలిసివస్తాయి అన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత వెనక నుంచి ఒక పెద్దమనిషి, "అందరి బట్టలూ ఒకే మెషిన్లోనా, మాస్టారూ?" అన్నాడు. కొందరు నవ్వారు. ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నాడేమో అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. ఆయన తండ్రి పంచె, కోమటి పంచె, బాపని పంచె ఒకే బానలో ఉడికిన సంగతి ఆయనకు గుర్తుండే ఉంటుంది. కాని ఆ బానలో చేరనిచ్చేవారు కాని వాళ్ళు ఈ రోజు మా కాలనీలో ఇళ్ళు కొన్నారు. ఆ ప్రశ్న అర్థం అది. ప్రతిపాదన ఓటింగు దాకా కూడా పోలేదు.

కనుక మిగిలింది మా అమ్మాయి ఇంటి గది. చేతగాని పని గురించి సలహా చెప్పటానికి నాకు ధైర్యమిచ్చింది మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ. 1926లో ఫ్రాంక్‌ఫర్టు కార్మికుల ఇళ్ళ కోసం సుమారు 1.9 మీటర్లు, 3.4 మీటర్లు ఉన్న వంటగదిని అడుగులూ నిమిషాలూ లెక్కపెట్టి రూపొందించిన ఆమె, అప్పటికి తనకు వంట రాదని తర్వాత ఒప్పుకున్నది. ఆమె కమ్యూనిస్టు, 1941లో గెస్టపో చేతికి చిక్కి యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉన్నది. ఆ వంటగదిలో ఒక లోపం ఉన్నది. ఒక్క మనిషికి సరిగ్గా సరిపోయేట్టు కట్టారు గనుక రెండో మనిషి లోపలికి వచ్చి చెయ్యి వేయటానికి చోటు లేదు. 4 అడుగుల యుటిలిటీకి కూడా ఇదే జబ్బు.

అందుచేత మొదట చేయించిన మార్పు, గదిని వంటింటి వెనక నుంచి తీసి పడకగదులకూ స్నానాలగదికీ మధ్యకు తెచ్చాం. స్నానాలగది గోడకు ఆనుకొని ఉంటే నీళ్ళ గొట్టం, మోరీ కలిసివస్తాయి, ఖర్చు కూడా తగ్గుతుందని ఇంజనీరే ఒప్పుకున్నాడు. వెడల్పు 5 అడుగులు చేసి ఒక పడకగదిలో అరలు కొంత తగ్గించాం. ఇద్దరు పక్కపక్కన నిలబడవచ్చు. నేల మోరీ వైపు వాలుగా, గరుకు రాళ్ళతో. తూర్పుకు కిటికీ, దాని బయట ఎండ తగిలే దండెం. బోరునీళ్ళకు తెల్లగా పెళుసు కట్టి మెషిను పాడవుతుంది గనుక మంచినీళ్ళ గొట్టం వేరే. తడి చేతికి అందనంత ఎత్తున స్విచ్చి. ఫ్యాను వద్దన్నాడు ఇంజనీరు, "అక్కడ ఎవరుంటారండీ" అని. పెట్టించాం.

తొట్టి, మడతబల్ల ఎంత ఎత్తున కట్టాలన్న దగ్గర ఆగింది. మామూలుగా ఆడవాళ్ళ ఎత్తుకు రెండడుగుల తొమ్మిదంగుళాలు పెడతామన్నాడాయన. మా అల్లుడు ఆరడుగులకు అంగుళం తక్కువ. ఆ బల్ల దగ్గర అతను గంట నిలబడితే నడుము పట్టేస్తుంది. "అయితే పెంచండి" అన్నది మా అమ్మాయి. "నీకు ఎత్తవుతుంది కదమ్మా" అన్నాను. "ఆదివారాలు నాకు ఎత్తవుతుంది, మిగతా రోజులు ఆయనకు సరిపోతుంది" అన్నది. అల్లుడు కాసేపు ప్లాను వైపు చూసి మూడడుగులు రాయమన్నాడు. పనిమనిషి ఎత్తు ఎంతో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. రేపు వచ్చినప్పుడు ఆమెను అడుగుతానని, అప్పటిదాకా బల్ల కట్టవద్దని మేస్త్రీకి చెప్పి వచ్చాను.